తెలంగాణమున గ్రంథాలయములు – మన కులమువారి కర్తవ్యము

ఈ వార్షిక మహాసభా సంచికకు గ్రంథాలయములను గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని మన సంఘ కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఇట్టి సంచికలలో కులోత్పత్తి, గోత్రములు, దేవాలయ నిర్మాణము, చేనేతవృత్తి కష్టములు, విద్యార్థులకు బహుమానములు మున్నగు విషయములు తఱచు వచ్చుచుండును. పద్మశాలీయునకును గ్రంథాలయమునకును సంబంధమేమి యని కొందఱు అడుగవచ్చును. సంబంధము కలదనియు, అది ప్రాచీనమైనదనియు, దానిని మఱచుటచే మనము నష్టపోయితిమనియు, ఇంకను నష్టపోవుచున్నామనియు నా మనవి. సావధానముగా చదువ ప్రార్థించుచున్నాను.

మన కులమునకు మొదటి పుస్తకము తాటియాకుపై వ్రాసినది కాదు, కాగితముపై అచ్చు వేసినది కాదు. అది గుడ్డపై వ్రాసిన పటము. మార్కండేయ మహర్షి యజ్ఞమును, భావనాఋషి జననమును, ఆయన తామరతూండ్ల దారముతో దేవతలకు వస్త్రములు నేసియిచ్చుటను, సూర్యపుత్రికయైన భద్రావతిని పరిణయమాడుటను, నూటయొక్క గోత్రముల పుట్టుకను మన పూర్వులు ఏ బడిలో చదివిరి? కూనపులివారు ఊరికి వచ్చినప్పుడు, వాడలో పటము కట్టి, దీపము వెలిగించి, ఒక్కొక్క చిత్రమును కఱ్ఱతో చూపుచు కథాగానము చేయగా వినిరి. ఆ పటములను చిత్రించువారు నకాశీలు. వారికి ప్రసిద్ధిపొందిన చేర్యాల 2016 నుండి మన సిద్దిపేట జిల్లాలోనిదే. నేతగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు కలిపి పూసి, ఆరబెట్టి, ఎఱ్ఱని నేలపై వరుస వరుసలుగా కథను చిత్రింతురు. సుమారు 3 అడుగుల వెడల్పుతో 30 అడుగులకు మించిన పొడవుగల పటములు కూడ కలవు. చుట్టిన పటమును కొంచెము కొంచెముగా విప్పుచు చెప్పుట, పుస్తకమున పుటలు త్రిప్పుట వంటిదే కదా!

ఇట్టి గ్రంథసంపద మన కులమునకు మాత్రమే కాదు. గౌడులకు గౌడపురాణము, రజకులకు మడేలు పురాణము, మాదిగలకు జాంబపురాణము కలవు. వానిని చెప్పుటకు వేఱువేఱు ఆశ్రితకులములవారు కలరు. అక్షరము చేరని వాడలకు వీరు నడచుచు వచ్చిన గ్రంథాలయములు. ఇందొక విశేషము గమనింపదగినది. పటము జీర్ణమైనప్పుడు క్రొత్తదానిని వ్రాయించి, పాతదానిని పూజించి నీట నిమజ్జనము చేయుట ఆచారము. అనగా గుడ్డ నశించినను కథ నశింపకుండుటకు ఏర్పాటు ఉండెను. ఆ ఏర్పాటునకు మూలము ఏమి? ఆ కథ ఏ ఒక్క కుటుంబము సొత్తును కాదు, కులమందఱి సొత్తు. వ్యయమును అందఱును భరించిరి, ఫలమును అందఱును పొందిరి.

తాటియాకు గ్రంథముల గతి వేఱు. అవి తఱచు ఒక్కొక్క యింటిలో, ఒక్కొక్క పెట్టెలో దాగియుండెడివి. సంస్కృత పాఠశాలలో నేను చదువుకొను దినములలో గురువులు నవ్వుచు ఒక లోకోక్తిని చెప్పుచుండిరి: పరుల చేతికి పోయిన పుస్తకము పోయినదే యని దాని తాత్పర్యము. లేఖకులు గ్రంథాంతమున పుస్తకమే మాటలాడినట్లు, నూనెనుండి, నీటినుండి, వదులైన కట్టునుండి నన్ను రక్షింపుడు, మూఢుని చేతికి నన్ను ఈయకుడు అని వేడుకొను శ్లోకమును వ్రాయుట వాడుక. ఒక గ్రంథమునకు ప్రతి వ్రాయుట ఎంత శ్రమయో యెఱిగినవారి మాటలివి. వారి భయము అకారణము కాదు. కాని ఆ భయము వలన విద్య పెట్టెలలో బంధింపబడెను. అక్షరము కొన్ని యిండ్లకే పరిమితమయ్యెను. మగ్గపుగుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాని చేతికి ఆ పెట్టె తాళపుచెవి యెన్నడును రాలేదు.

అట్లని మన ధర్మశాస్త్రములు గ్రంథదానమును మఱువలేదు. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల మంత్రియైన హేమాద్రి తన చతుర్వర్గచింతామణి యందలి దానఖండమున విద్యాదానమును విపులముగా వర్ణించెను. పుస్తకమును వ్రాయించి, అలంకరించి, యోగ్యమైన స్థానమున నుంచుట మహాదానములతో సమానమని మన పెద్దల భావము. గోదానము, భూదానము చేసిన దాతల పేర్లను శాసనములలో చూచుచున్నాము. పుస్తకదానము నేడును చేయదగిన దానమే యని ఈ సందర్భమున దాతలకు మనవి చేయుచున్నాను.

ఇచ్చట నా తప్పిదమొకటి చెప్పుకొనక తప్పదు. నేను ఉద్యోగము చేయుచుండిన కాలమున మా వీథిలో ఒక వృద్ధుడు కాలధర్మము నొందెను. ఆయన నేతపని చేసి జీవించినవాడు. సాయంకాలము పని ముగిసిన పిమ్మట తన అరుగుపై దీపము పెట్టి, చుట్టుప్రక్కల వారికి భాగవతమును, మార్కండేయ పురాణమును చదివి అర్థము చెప్పుచుండెడివాడు. నేను బాలుడనై యున్నప్పుడు ఆ యరుగుపైననే మొదట పద్యమును వింటిని. ఆయన యింట రెండు తాటియాకు కట్టలును, ఒక పెట్టెడు పాత అచ్చుపుస్తకములును ఉన్నట్లు నాకు తెలియును. మనుమడు నాయొద్దకు వచ్చి, వానిని చూచి యేమి చేయవలెనో చెప్పుమని కోరెను. వచ్చెదనని చెప్పితిని. పరీక్షలనియు, బంధువుల యింట పెండ్లియనియు జాగు చేసితిని. నేను పోవునప్పటికి ఇల్లు ఖాళీ చేసియుండిరి. పుస్తకములను పాతకాగితములు కొనువానికి తూకమునకు ఇచ్చివేసిరి. తాటియాకులు పొయ్యిలోనికి పోయినవి. "సారూ, నెల దినాలు చూసినం, మీరు రాకపోతిరి" అని ఆ మనుమడు పలికిన మాట నేటికిని నా చెవులలో మ్రోగుచున్నది. వానియందు దోషము లేదు, దోషము నాదే. కాని ఊరిలో ఆ పెట్టెను దింపుటకు అందఱిదైన యొక గది యుండినయెడల, నా జాగు వలన ఆ గ్రంథములు నశించియుండవు. అందఱిదైన పటము నిలిచెను, ఒక్కరిదైన పెట్టె పోయెను. గ్రంథాలయమన నేమో నాకు ఆ దినమున బోధపడెను. పరహస్తగతమైన పుస్తకము కూడ తిరిగి వచ్చు చోటే గ్రంథాలయము.

ఇక మన తెలంగాణమున ఇట్టి సార్వజనిక గ్రంథాలయములు ఎట్లు పుట్టినవో చూతము. నిజాము రాజ్యమున తెలుగు మాటలాడువారు ప్రజలలో సగమునకు చేరువగా నుండిరి. అయినను రాజభాష మొదట పారసీ, పిదప ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున కూడ బోధనాభాష ఉర్దూయే. హైదరాబాదున 1891లో ప్రభుత్వపక్షమున అసఫియా గ్రంథాలయము వెలసెను. సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ గారి కృషిఫలమైన ఆ భాండాగారము అరబ్బీ, పారసీ, ఉర్దూ గ్రంథములకు పేరొందినది. 1936లో మూసీతీరమున అఫ్జల్‌గంజులోని భవ్యభవనమునకు మాఱి, నేడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమై సకల భాషలవారికిని ఉపయోగపడుచున్నది. అది గౌరవింపదగిన సంస్థయే. కాని ఆనాడు తెలుగు చదువరికి తనదను చోటు వేఱుగా కావలసియుండెను.

ఆ కొఱతను తీర్చుటకు 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజాగారైన నాయని వేంకట రంగారావుగారు దానికి ముఖ్యులు. మొదట అది రంగారావుగారి యింటిలోనే యుండెను. సొంత యింటిలో గది విడిచి, వచ్చినవానిని కూర్చుండబెట్టి, పుస్తకమును చేతికిచ్చుటతో ఒక మహోద్యమము ఆరంభమయ్యెను. రంగారావుగారి మరణానంతరము వారి ధర్మపత్ని లక్ష్మీనరసమ్మగారు ఆ నిలయపు భవనమునకు ద్రవ్యసాహాయ్యము చేసిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో లక్ష్మణరావుగారు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చరిత్ర, శాస్త్రము, జీవితచరిత్రలను తెలుగున ప్రకటింపసాగిరి. అదే 1906లో హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలిని నెలకొల్పి, అక్షరము నిరాకరింపబడిన దళితజనుల కొఱకు హరికథలు, భజనలు, పిమ్మట పాఠశాలల ద్వారా విద్యాప్రచారము చేసిరి. ఒకే యేట, ఒకే నగరమున జరిగిన ఈ రెండు ప్రయత్నములను కలిపి చూచినగాని ఆ కాలపు విద్యాదాహము మనకు పూర్తిగా అర్థము కాదు.

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వేంకట రామారావుగారు తెలుగున ప్రసంగింప లేవగా కొందఱు గేలిచేసి అల్లరి చేసిరి. ఆ యవమానము నుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. ఆ సంఘమువారు పగతీర్చుకొనుటకు పూనలేదు. గ్రంథాలయములను, పఠనమందిరములను, పాఠశాలలను నెలకొల్పుట, తాళపత్ర గ్రంథములను, శాసనములను సేకరించుట తమ ఆశయములని ప్రకటించిరి. మాడపాటి హనుమంతరావుగారు ఈ కార్యమునకు ఊపిరియై నిలిచిరి. 1925లో మధిరలోను, 1928లో సూర్యాపేటలోను గ్రంథాలయ మహాసభలు జరిగినవి. 1930 మార్చిలో మన పాత మెదకు జిల్లా యందలి జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. తెలుగువారు తమ భాషలో బహిరంగముగా కూడి తమ కష్టసుఖములను చెప్పుకొనుటకు త్రోవ వేసినవి ఈ చిన్న చిన్న పఠనమందిరములే.

ఆ త్రోవ సుగమమైనది కాదు. గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు చేత సభ జరుపుటకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసి యుండెను. నలుగురు కూడి పత్రిక చదువుటను కూడ అధికారులు అనుమానదృష్టితో చూచుచుండిరి. అందుచే గ్రంథాలయ వార్షికోత్సవమే ప్రజలు కలిసికొనుటకు, ఉపన్యాసములు వినుటకు అవకాశమయ్యెను. నేడు తలుపులు తెఱచియున్నను లోనికి పోవనివారము, తలుపు తెఱచుటకే కష్టపడిన ఆ పెద్దలను ఒకమాఱు తలచుకొనవలెను.

వట్టికోట ఆళ్వారుస్వామిగారి చరిత్ర ప్రత్యేకముగా మన యువకులు చదువదగినది. ఆయన ధనవంతుల బిడ్డ కాడు. ఒకరి యింట వంటపని చేయుచు చదువు నేర్చుకొనెను, హోటలులో పనిచేసెను. 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తాను ప్రకటించిన పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. చెఱసాలకు పోయెను. ప్రజలమనిషి, గంగు అను నవలలు వ్రాసెను. 1961లో స్వర్గస్థుడయ్యెను. గ్రంథాలయమునకు భవనము లేకున్నను, మనిషి నడచినచో గ్రంథాలయము నడచునని ఆయన చూపెను. కోస్తా ప్రాంతమున 1918లో వేటపాలెమునందు యువకులు నెలకొల్పిన సారస్వత నికేతనమును, 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణ కాలువపై నడిపిన పడవ గ్రంథాలయమును ఈ కోవలోనివే. వేటపాలెపు నికేతనమునకు 1929లో మహాత్మాగాంధీగారు శంకుస్థాపన చేసిరి. ఆ ప్రాంతము కూడ నేతగాండ్ర సీమయే యని మనము గుఱుతుంచుకొనవలెను.

గ్రంథములను కూర్చి యుంచుటవలన కలుగు ప్రయోజనమేమి? ఒక యుదాహరణము చెప్పెదను. తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాయగా, ప్రతాపరెడ్డిగారు కోపముతో వ్యాసము వ్రాసి యూరకుండలేదు. 1926లో తాము ప్రారంభించిన గోలకొండ పత్రిక పక్షమున 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించి, 354 మంది కవుల రచనలను, వివరములను లోకము ముందుంచిరి. నింద ఒక వాక్యము, సమాధానము ఒక గ్రంథము. ఆధారములు కూర్చి యుంచుకొనిన జాతికే అట్టి సమాధానము సాధ్యము. ఆధారములు లేని జాతిని గూర్చి ఇతరులు ఏమి చెప్పిన అదియే చరిత్ర యగును.

మన కులమును గూర్చియు ఇట్లే. మగ్గమువాని చరిత్ర యేమున్నదని అడుగువారు కలరు. వారికి సమాధానము గ్రంథములలో నున్నది. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుని బసవపురాణమున, తాను నేసిన వస్త్రమును జంగమునకు సమర్పించిన నేతభక్తుడు జేడర దాసయ్య కథ కలదు. ఆ కవియే పండితారాధ్య చరిత్రమున ఆనాటి వస్త్రముల పేర్లను పట్టికవలె వ్రాసెను. కాకతీయుల రేవైన మోటుపల్లిని గూర్చి చెప్పుచు, సాలెగూటి వంటి సన్నని వస్త్రములు అచ్చట లభించునని వెనీసు నగరపు యాత్రికుడు మార్కోపోలో వర్ణించెను. ఆ వస్త్రములను నేసిన చేతులు ఎవ్వరివి? ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రము, రాజుల యుద్ధములను విడిచి, సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలను కావ్యముల నుండి వెదకి తీసి కూర్చిన గ్రంథము. తెలుగున మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము 1955లో దానికే వచ్చెను. ఇన్ని గ్రంథములు ఒకచోట దొరకనిచో ఆ గ్రంథము పుట్టెడిదియే కాదు.

కులసంఘములకు ఇందు పాత్ర యున్నదా? ఉన్నది. హైదరాబాదున 1918లో రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు రెడ్డి వసతిగృహమును స్థాపించిరి. ప్రతాపరెడ్డిగారు దాని నిర్వాహకులై యున్న కాలమున అచ్చటి గ్రంథాలయము పెంపొందెను. ఆ కాలపు కులవసతిగృహములు పల్లెపిల్లలకు కూడు, గూడుతో పాటు పుస్తకమును కూడ ఇచ్చినవి. కులము పేర కట్టిన గృహములో చదివిన చదువు కులమునకే పరిమితము కాక దేశమునకు ఉపకరించినది. సంఘమునకు అంతకంటె కీర్తి యేమున్నది?

స్వాతంత్ర్యానంతరము గ్రంథాలయము చట్టబద్ధమైన ప్రజాసంస్థ యైనది. హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, పిదప ఆంధ్రప్రదేశమున 1960లోను గ్రంథాలయ చట్టములు వచ్చినవి. ఈ చట్టము ననుసరించి మనము చెల్లించు ఇంటిపన్నులోనే గ్రంథాలయపు సుంకము కలిసియున్నది. కావున, గ్రంథాలయము ప్రభుత్వము దయతో ఇచ్చిన భిక్ష కాదు. మనమందఱము కలిసి, పూర్వము పటము వ్రాయించుకొనినట్లే, సొమ్మిచ్చి పెట్టుకొనినది. తన సొమ్ముతో కట్టిన యింటిలోనికి తాను పోనివాడు ఎట్టివాడు?

నేడు గ్రంథాలయములకు పోయి చూచినయెడల, ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగు యువతీయువకులు బల్లల నిండ కనబడుదురు. అది సంతోషింపదగినది. పేదబిడ్డకు నిశ్శబ్దమైన చోటు, దీపము, బల్ల దొరకుట చిన్న విషయము కాదు. కాని వారిలో అనేకులు తమ పుస్తకములను తామే తెచ్చుకొందురు. అఱలలోని గ్రంథములను తీయువారు అరుదు. చరవాణిలోనే సకలమును దొరకుచుండగా పుస్తకమెందుకని పిల్లలు అడుగుదురు. దొరకునది ఎవరో లోపల పెట్టినది మాత్రమే గదా! కూనపులివారి పాటను, మన తాతల చేతివ్రాతను, గొల్లభామ చీరను నేసిన మన సిద్దిపేట నేతగాండ్ర అనుభవమును అందు పెట్టవలసినది మనమే. మనము పెట్టనిది అందు దొరకదు. ఈ ఊరివాడైన చిత్రకారుడు కాపు రాజయ్యగారు (1925–2012) తెలంగాణ జానపద జీవితమును చిత్రములలో నిలిపి ఊరికి పేరు తెచ్చిరి. ఆయన కుంచెకు మూలధనము పల్లెలోని పండుగలు, పనిపాటలు, నకాశీ పటములే. మూలధనము నశించినచో రేపటి కళాకారుడు దేనిని చూచి నేర్చును?

కావున మహాసభకు నేను మూడు విన్నపములు చేయుచున్నాను. మొదటిది: మన సంఘభవనమున వివాహములకు, విందులకు విశాలమైన స్థలము కేటాయించుచున్నాము. అందొక్క గదిని పుస్తకములకు విడువవలెను. అది అన్ని కులములవారికిని, స్త్రీపురుషులకును సమముగా తెఱచి యుండవలెను. పూర్వము మనకు మూసిన తలుపు ఎట్టిదో మనము ఎఱుగుదుము. ఆ తలుపును మనము ఇతరులకు మూయరాదు. రెండవది: ఎవరి యింట నైనను పాత పుస్తకములు, తాటియాకులు, పటములు, పాత లెక్కల వహీలు ఉన్నయెడల, తూకమునకు అమ్మకమునుపు సంఘమునకు తెలియజేయవలెను. ఉంచుకొన గోరువారి యొద్ద ఛాయాచిత్రములు తీసికొని మూలమును తిరిగి ఇచ్చివేయవచ్చును. తాళపత్రములను హైదరాబాదునందలి ప్రాచ్య లిఖిత గ్రంథాలయము వంటి యోగ్యసంస్థలకు చేర్చవచ్చును. మూడవది: కూనపులి కథకులు ఇంకను మనలో నున్నారు. సంవత్సరమున కొకమాఱైన వారిని పిలిపించి, పటము కట్టించి, పూర్తి కథను చెప్పించి, ధ్వనిచిత్రముగా పదిలపఱచి, వారికి తగిన సంభావన ఇయ్యవలెను. వృద్ధకథకుడు పోయినచో ఒక గ్రంథాలయమునకు తాళము పడినట్లే.

దీనికి లక్షలు అక్కఱలేదు. రావిచెట్టువారి యింటిలో మొదలైనది ఒక గదితోనే. ఆళ్వారుస్వామిగారు మొదలుపెట్టినది తన భుజముతోనే. నావంతుగా, నాయొద్దనున్న సంస్కృతాంధ్ర గ్రంథములను ఆ గది తెఱచిన దినముననే తెచ్చి అప్పగింతును. ప్రతిదినము సాయంకాలము రెండు గంటలు అచ్చట కూర్చుండి, వచ్చిన బాలబాలికలకు చదివి వినిపింతును. నెల దినములు ఆలసించి పోగొట్టిన గ్రంథములకు నేను చేసికొనగల ప్రాయశ్చిత్తము ఇదియే.

పడుగు ఎంత పొడవైనను పేక లేనిదే గుడ్డ కాదు. పూర్వులు పడుగు పరచి పోయిరి. పేక వేయవలసినవారము మనము. భావనాఋషి యనుగ్రహమున మహాసభ ఈ విన్నపమును మన్నించుగాక!

స్వస్తి.